జీతం తీసేసి 'కన్సల్టెంట్'ని చేస్తారంట – సంతకం పెట్టాల్నా వద్దా?

#1 హిందూపురం_హనుమ · సోమవారం, మధ్యాహ్నం 2:10

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది హిందూపురం పక్క పల్లె. బెంగళూరు బెళ్ళందూరులో ఒక జిమ్‌లో 2021 జూన్ నుంచి ట్రైనర్‌గా చేస్తాండా. పొద్దున 5 నుంచి 10, మళ్ళీ సాయంత్రం 4:30 నుంచి రాత్రి 10. ఆదివారం సెలవు. జీతం 19,000. దాని మీద పర్సనల్ ట్రైనింగ్ డబ్బుల్లో 30 శాతం ఇస్తారు. ఇప్పుడు నాకు ఆరుమంది పీటీ క్లయింట్లు ఉండారు. ఒక్కొక్కరు నెలకు 12 సెషన్లకు 10,000 కడతారు. అంతా కలిపి 37,000 చేతికొస్తాంది.

పోయిన శుక్రవారం మేనేజరు అందర్నీ పిలిచి, "ఫిబ్రవరి నుంచి ఎవరికీ జీతం ఉండదు, అందరూ కన్సల్టెంట్లే, పీటీలో 50 శాతం మీది" అని ఒక కాగితం ఇచ్చినాడు. రోజుకు మూడు గంటల ఫ్లోర్ డ్యూటీ (జిమ్‌లో నిలబడి అందర్నీ చూసుకునేది) మాత్రం మామూలుగానే చెయ్యాలంట. దానికి వేరే డబ్బుల్లేవు. పది రోజుల్లో సంతకం పెట్టాలంట.

ఇంకో తలకాయ నొప్పి. ఇంట్లో సంబంధం చూస్తాండారు. మొన్న అమ్మాయి వాళ్ళ నాయన "జిమ్ము అంటే గేటు కాడ నిలబడే బౌన్సరా?" అన్నాడు. "కాదు మామా, ట్రైనరు, నెల జీతం వస్తాది" అని చెప్పుకున్నా. ఇప్పుడు ఆ జీతం మాట కూడా పోతాంది. ఏం చెయ్యమంటారు?

#2 రేపట్నుంచే_జిమ్ · సోమవారం, మధ్యాహ్నం 2:31

30 కన్నా 50 ఎక్కువే కదా బ్రో? పెట్టేయ్ సంతకం.

#3 లెక్కల_పంతులు · సోమవారం, రాత్రి 8:45

పైన మహానుభావుడు ఏ కంపెనీలో ఉన్నాడో గానీ వాళ్ళ శాలరీ స్లిప్పు ఎవరైనా చదివి పెట్టండి పాపం.

హనుమా, వరసగా చూద్దాం. నీ ఆరుగురి నుంచి జిమ్‌కి వచ్చేది 60,000. అందులో సగం 30,000. ఇప్పుడు 37,000 వస్తోంది. అంటే చేతిలోంచి 7,000 పోయింది. ఇప్పుడొచ్చేదే రావాలంటే నీ పేరు మీద మొత్తం ఎంత పీటీ అమ్ముడుపోవాలి? కొత్త లెక్కలో నీకొచ్చేది సగమే. సగం 37,000 కావాలంటే మొత్తం 74,000 రావాలి. అంటే ఏడెనిమిది మంది క్లయింట్లు, దగ్గర దగ్గర 90 సెషన్లు. నెలకు 26 పని రోజులనుకుంటే రోజుకు మూడు నాలుగు సెషన్లు, వాటి మీద ఊరికే చేసే మూడు గంటల ఫ్లోర్. ఇంత చేస్తే ఇప్పుడున్న చోటే ఉంటావు. ఒక్క రూపాయి పెరగలేదు.

కనపడకుండా పోయేవి ఇంకా ఉన్నాయి. మీ జిమ్‌లో మొత్తం ఎంతమంది? నీకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కట్ అవుతోందా? చేరినప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చారా? ఈ మూడూ చెప్పు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

#4 హిందూపురం_హనుమ · సోమవారం, రాత్రి 11:20

ట్రైనర్లు, రిసెప్షన్, హౌస్‌కీపింగ్ అంతా కలిపి 14 మంది పంతులూ. ఈఎస్‌ఐకి నెలకు 143 రూపాయలు కోస్తారు. కార్డు ఎప్పుడూ వాడలే. పీఎఫ్ లేదు. లెటర్ ఇవ్వలే. వాట్సాప్‌లో "జాయిన్ ఫ్రమ్ టుమారో" అని పెట్టినారు, అంతే.

#5 లెక్కల_పంతులు · మంగళవారం, ఉదయం 7:05

ఆ వాట్సాప్ మెసేజ్ డిలీట్ చెయ్యకు. స్క్రీన్‌షాట్ తీసి మీ అమ్మగారి ఫోన్‌కి కూడా పంపు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మొదటి జీతం పడ్డ పేజీ ప్రింట్ తీయించు.

పీఎఫ్‌కి 20 మంది ఉండాలి, కాబట్టి అక్కడ వాళ్ళని అనలేం. ఈఎస్‌ఐకి పదిమంది చాలు, జీతం 21,000 లోపుండాలి. నీ 0.75 శాతానికి తోడు వాళ్ళు 3.25 శాతం కడుతున్నారు. అంటే వాళ్ళకి నెలకి 600 పైచిలుకు. అది మిగులుతుందని కూడా ఒక ఆశ. రేపు నీ మోకాలికి ఆపరేషన్ పడిందనుకో. ఈఎస్‌ఐ ఉంటే వైద్యం పోగా, సెలవులో ఉన్న రోజులకి జీతంలో 70 శాతం ఇస్తారు, ఏడాదికి 91 రోజుల దాకా. కన్సల్టెంట్‌కి ఇచ్చేది "గెట్ వెల్ సూన్" స్టిక్కరు.

అసలు సంగతి గ్రాట్యుటీ. 2021 జూన్ నుంచి అంటే ఇప్పటికి నాలుగేళ్ళ ఏడు నెలలు. ఐదేళ్ళు నిండితే, ఉద్యోగం మానేటప్పుడు ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన నీకు రావాలి. నీ 19,000 అంతా బేసిక్ అనుకుంటే 19,000ని 26తో భాగించి, 15తో, మళ్ళీ 5తో గుణించు. సుమారు 54,800. ఐదో ఏట 240 రోజులు పనిచేసినా చాలని మద్రాసు హైకోర్టు తీర్పొకటి ఉంది, కానీ దాన్ని పట్టుకుని కూర్చోవద్దు, జూన్ దాకా ఉద్యోగిగానే ఉండు. ఐదేళ్ళకి ఐదు నెలల ముందు కాగితం ఎందుకొచ్చిందో నేను చెప్పను. మీ జిమ్‌లో 2021లో చేరినవాళ్ళు ఎంతమందో నువ్వే చూసుకో.

#6 హిందూపురం_హనుమ · మంగళవారం, మధ్యాహ్నం 1:40

నాతో కలిపి నలుగురు.

#7 స్క్వాట్_శారద · మంగళవారం, మధ్యాహ్నం 3:15

నేను గ్రూప్ క్లాసులు చెప్తానండి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, సర్జాపూర్ రోడ్డు, వైట్‌ఫీల్డ్ మూడు చోట్లా. మొదట్నుంచీ క్లాసుకింత అని లెక్క. జీతం అనే మాట నా ఫోన్‌లో మెసేజ్‌గా రాక ఎనిమిదేళ్ళయింది. కాబట్టి హనుమ రేపు ఎక్కడుంటాడో నేను ఇవాళే అక్కడున్నాను, చెప్తాను వినండి.

క్లాసుకి 600. రోజుకి నాలుగు అనుకుంటారు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఒక క్లాసు పోతే ఆ 600 పోవడమే కాదు, "ఇన్‌స్ట్రక్టర్ నో షో" అని కోత కూడా. వర్షం వచ్చి నలుగురే వస్తే క్లాసు క్యాన్సిల్, నేను అప్పటికే వెళ్ళిపోయినా సరే డబ్బుల్లేవు.

మోకాళ్ళ గురించి అందరూ మాట్లాడతారు. నాది గొంతు. స్పీకర్లలో పాట హోరెత్తిపోతుంటే దాని మీద నుంచి "ఇంకో ఎనిమిది! ఏడు! ఆరు!" అని రోజుకి నాలుగు గంటలు అరవాలి. మైకు అడిగితే "రిపేర్‌లో ఉంది మేడమ్". నిరుడు గొంతు పూర్తిగా పడిపోయింది. ఈఎన్‌టీ డాక్టరు లోపలికి కెమెరా పెట్టి చూసి స్వరతంత్రుల మీద కాయల్లా గట్టిపడ్డాయన్నారు. ఆరు వారాలు మాట్లాడకూడదన్నారు. మూడో వారంలో అద్దె కట్టాల్సిన రోజు వచ్చింది, వెళ్ళి క్లాసు చెప్పాను. ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి మా అమ్మ ఫోన్‌లో "ఎవరండీ?" అంటుంది.

ఇంకోటి, ఇది మగవాళ్ళు పెద్దగా చెప్పరు కనక నేను చెప్తాను. ఒక మెంబరు స్ట్రెచింగ్ పేరుతో పిచ్చివేషాలు వేస్తే మేనేజరుకి చెప్పాను. "యాన్యువల్ కట్టిన కస్టమరు, కాస్త చూసీచూడనట్టు పోండి" అన్నాడు. పోష్ చట్టం, అంటే పనిచోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులకి వ్యతిరేకంగా ఉన్న చట్టం, 2013 నుంచి ఉంది. పదిమంది ఉన్న ప్రతి చోటా కమిటీ ఉండాలి, తక్కువుంటే జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళొచ్చు. కస్టమరు చేసినా, మనది జీతం కాకపోయినా చట్టం వర్తిస్తుంది. మూడు నెలల్లోపు రాసివ్వాలి. నాకు ఇది తెలిసేసరికి ఐదు నెలలు దాటాయి. తెలుసుకోండని చెప్తున్నాను, అంతే.

#8 ఓనర్_బాధలు_ఓనర్‌వి · మంగళవారం, రాత్రి 9:30

అందరూ ఓనర్ని దొంగని చేసేశారు కాబట్టి నేనూ రెండు మాటలు అంటాను. మహాదేవపుర దగ్గర నాదొక చిన్న జిమ్. అద్దె, కరెంటు, ట్రెడ్‌మిల్ బెల్టులు ముందు కట్టి, ఆ తర్వాత మిగిలినదాంట్లోంచి జీతాలిస్తాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్‌ల మీద జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి తగ్గిందని అందరూ పండగ చేసుకున్నారు. మెంబర్లు ఆ మర్నాడే "ఫీజు తగ్గించండి" అని వచ్చారు. కానీ ఆ 5 శాతంలో ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. నేను మెషీన్లు కొన్నప్పుడు, అద్దె కట్టినప్పుడు కట్టే జీఎస్‌టీ వెనక్కి రాదు, నా నెత్తినే.

జనవరిలో సంవత్సరం మెంబర్‌షిప్పు సగం ధరకి అమ్ముతాం. వాళ్ళు మార్చిదాకా వస్తారు. ఆ డబ్బుతో డిసెంబర్ దాకా ఈడవాలి. పైగా ట్రైనర్లు ఏం చేస్తారో తెలుసా? నా దగ్గర క్లయింటుని పరిచయం చేసుకుని, నెల తిరక్కుండా "సార్, మీ అపార్ట్‌మెంట్ జిమ్‌కే వచ్చేస్తాను, సగం ఇవ్వండి" అని లాక్కెళ్ళిపోతారు. ఒకే ఏడాది ముగ్గురు అలా పోయారు. జీతమిచ్చి నేనే పోటీదారుణ్ణి పెంచుకున్నట్టు.

#9 స్క్వాట్_శారద · మంగళవారం, రాత్రి 9:52

ట్రైనర్ బయటికెళ్తే సగం రేటుకే వస్తున్నాడంటే, మీ దగ్గర అతనికి సగం కన్నా తక్కువే అందుతోందని మీరే చెప్పారండి.

#10 ఓనర్_బాధలు_ఓనర్‌వి · మంగళవారం, రాత్రి 10:15

అందుతోంది మేడమ్, ఒప్పుకుంటాను. నేను 40 ఇస్తాను, జీతం కూడా ఇస్తాను. ఈఎస్‌ఐ కడతాను. హనుమ వాళ్ళ ఓనరు చేసింది నేను సమర్థించడం లేదు. జీతం తీసేసి ఫ్లోర్ డ్యూటీ ఊరికే చెయ్యమనడం అన్యాయమే. డబ్బు ఎక్కడికి పోతుందో చెప్పానంతే.

#11 మునెకొలాల_మావయ్య · బుధవారం, ఉదయం 6:20

మా కాలంలో తాలింఖానాలో, అదే కసరత్తు బడిలో, గురువుకి జీతమా పాడా? విజయదశమికి ఒక పంచె, పళ్ళెంలో తాంబూలం. పొద్దున్నే దండీలు, బస్కీలు, గద తిప్పడం. ఈ బెంగళూరు పేట వీధుల్లో కూడా పాత గరడి మనెలున్నాయి, వెళ్ళి చూడండి, ఎర్రమట్టి, కర్లా కట్టెలు. అక్కడ నేర్పేవాడు కమిషన్ అడగడు. కోడి రామమూర్తి నాయుడుగారు ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నది 30 శాతం కోసం కాదు!

#12 రేపట్నుంచే_జిమ్ · బుధవారం, ఉదయం 9:40

మావయ్యా, కోడి రామమూర్తిగారు సర్కస్ కంపెనీ పెట్టి, టికెట్టు పెట్టే ఏనుగుని ఎక్కించుకున్నారు. 🙏

నేను #2లో కూసిన కూతకి క్షమించండి. పంతులుగారి లెక్క చూశాక సిగ్గేసింది. ఇంకో సిగ్గు కూడా చెప్పుకుంటాను. నాకూ ఒక ట్రైనర్ ఉన్నాడు, ఉదయం ఆరింటి స్లాటు. వారానికి ఒక్కసారైనా 5:50కి "బ్రో, లేట్ నైట్ కాల్ ఉండె, రేపు చేద్దాం" అని మెసేజ్ పెడతాను. అతను థంబ్స్ అప్ పెడతాడు. ఆ థంబ్స్ అప్ పెట్టేసరికి అతను కేఆర్ పురం నుంచి వచ్చేసి జిమ్‌లో నిలబడి ఉన్నాడని, సెషన్ జరగకపోతే ఆ రోజు వాటా కూడా పడదని నాకు నిన్నటిదాకా తెలీదు. నిన్న అడిగాను. "పర్లేదు సార్, అందరూ అంతే" అన్నాడు.

#13 మోకాలిచిప్ప · బుధవారం, మధ్యాహ్నం 1:05

ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికొచ్చే ట్రైనర్లు మెంబర్ల కన్నా ఆలస్యంగా వస్తారు. నొప్పి మొదలైన ఆర్నెల్లకి, అదీ ఎవరో క్లయింటు తోస్తే. కారణం డబ్బొక్కటే కాదు. "ట్రైనరుకే భుజం పట్టేసిందంటే నన్నెవరు నమ్ముతారు మేడమ్" అంటారు. రోజుకి ఇరవై సార్లు డెమో చూపించడం, అదీ వామప్ లేకుండా, ఎప్పుడూ ఒక పక్కకే తిరిగి. క్లయింటు బార్ జారవిడిస్తే వంగి అందుకోవడం. ప్లేట్లు సర్దేవాడు లేక నడుం మీద మోయడం. ఇవి భుజాన్నీ నడుమునీ అరగదీస్తాయి, వాళ్ళు సొంతంగా చేసే వర్కౌట్ కాదు.

హనుమగారూ, మీరు రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి లేస్తారు?

#14 హిందూపురం_హనుమ · బుధవారం, మధ్యాహ్నం 2:25

జిమ్ మూసి రూముకి పోయేసరికి 10:40. తిని పండుకునేసరికి పావు తక్కువ పన్నెండు. 4:10కి అలారం. మధ్యాహ్నం ఆరున్నర గంటలు ఖాళీ కదా అంటారు అందరూ. ఆ ఖాళీలో వండుకోవాల, గుడ్డలు ఉతుక్కోవాల, నా వర్కౌట్ చేసుకోవాల (ఒళ్ళు కనపడకపోతే పీటీ రాదు మేడమ్), క్లయింట్ల డైట్ చార్టులు వాట్సాప్‌లో పంపాల. అన్నీ అయినాక గంట, గంటన్నర కునుకు. పక్కనే ఇల్లు కడతాండారు, టైల్స్ కోసే మిషన్ మోత.

#15 మోకాలిచిప్ప · బుధవారం, మధ్యాహ్నం 2:50

నాలుగున్నర గంటల నిద్ర, అదీ నాలుగున్నరేళ్ళుగా. క్లయింట్లకి మాత్రం "ఎనిమిది గంటలు పడుకోండి సార్, అప్పుడే కండ పడుతుంది" అని చెప్తుంటారు, అవునా? 🙂

ఈ అలసట దగ్గరే ఇంకో దారి తెరుచుకుంటుంది, దాని గురించి కూడా చెప్పాలి. బీపీ పడిపోయిన పేషెంట్లకి ఆపరేషన్ థియేటర్‌లో ఇచ్చే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్‌ని జిమ్ కుర్రాళ్ళు వర్కౌట్ ముందు పొడుచుకుంటున్నారు. నా దగ్గరికొచ్చిన ఒక ట్రైనర్‌కి 27 ఏళ్ళు, గుండె దడతో రాత్రిళ్ళు కూర్చునే ఉంటాడు. ఎందుకు మొదలెట్టావంటే "సాయంత్రం షిఫ్టుకి ఒంట్లో ఏమీ మిగలదు మేడమ్" అన్నాడు. షో కోసమో కండల కోసమో కాదు, రెండో షిఫ్టు కోసం.

#16 వైట్‌ఫీల్డ్_వరంగల్ · బుధవారం, రాత్రి 10:48

హనుమ తమ్మీ, నేను నీ లెక్కనే ఫ్లోర్ మీద ఆరేండ్లు చేసిన. 2020 మార్చిల జిమ్‌లు బందైనయి, ఆగస్టు 5 దాకా తెరవలే. ఆ ఐదు నెలలు మా ఓనరు ఒక్క రూపాయి ఇయ్యలే, ఊరికి పోయి మా బాపుతోని పొలం పని చేసిన. మళ్ల వచ్చినంక నేనే బయటికి వచ్చిన. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌ల అపార్ట్‌మెంట్లకు పోయి ఏడుగురికి చెప్తున్న. జిమ్‌ల ఉన్నప్పటికంటె రెండింతలు వస్తది. మధ్యాహ్నం నిద్రపోత. కన్సల్టెంటంటె ఇది. నా టైము నేను చెప్త, నచ్చనోనికి చెప్ప.

నీకు ఇచ్చిన కాయితంల అది లేదు. టైము వాళ్లే పెడ్తరు, టీషర్టు వాళ్లదే, రేటు వాళ్లే చెప్తరు, మూడు గంటలు ఫ్లోర్ మీద ఊకె నిలవడాలె. అది నౌకరే, జీతం ఒక్కటే లేదు.

అట్లని నాదంత పూలబాట కాదు. పోయిన ఏడు డెంగీ వచ్చి 23 రోజులు పండుకున్న. సున్నా. ఇద్దరు క్లయింట్లు వేరేటోన్ని పెట్టుకున్నరు. ఏప్రిల్, మేల పిల్లలకు సెలవులని సగం మంది ఊర్లకు పోతరు. అందుకే నా దగ్గర నాలుగు నెలల ఖర్చు పక్కకు ఉంటది, హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. ఏడాదికి 20 రూపాయలకు రెండు లక్షల ప్రమాద బీమా, ప్రధానమంత్రి సురక్ష, బ్యాంకుల అడిగితె ఇస్తరు, అది కూడ తీసుకున్న. అవి లేకుంట బయటికి రాకు.

సర్టిఫికెట్ ఉందా నీకు?

#17 హిందూపురం_హనుమ · గురువారం, మధ్యాహ్నం 1:55

ఏసీఈ అని అమెరికా వాళ్ళ ట్రైనర్ సర్టిఫికెట్ ఉంది అన్నా. రెండేండ్లకొకసారి రెన్యూ చెయ్యాల, 20 గంటల కోర్సులు, సీపీఆర్ కూడా ఉండాల. అన్నీ నా జేబులోంచే. 2021 అక్టోబర్‌లో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండె ఆగి పోయినప్పుడు మెంబర్లంతా భయపడి, వారం దినాలు ఎవర్ని చూసినా "మీకు సీపీఆర్ వచ్చునా" అని అడిగినారు. అప్పుడు మేనేజరు నా సర్టిఫికెట్ జిరాక్సు తీసి రిసెప్షన్‌లో అంటించినాడు. ఇప్పటికీ ఆడే ఉంది. దానికి కట్టిన డబ్బు అడిగితే నవ్వినాడు.

#18 లెక్కల_పంతులు · గురువారం, రాత్రి 9:10

మంచిది. అంటే నీ అర్హతలు వాళ్ళ గోడ మీదే ఉన్నాయి. ఇప్పుడు పని మాట్లాడదాం.

కర్ణాటక షాపులు, వాణిజ్య సంస్థల చట్టం 1961 ప్రకారం రోజుకి 9 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదు. మించితే రెట్టింపు కూలి. నువ్వు చేస్తున్నది రోజుకి పదిన్నర, వారానికి 63. ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటుంది: మధ్యలో విరామంతో సహా పని మొదలెట్టిన దగ్గర్నుంచి ముగిసేదాకా 12 గంటలు దాటకూడదు. నీది పొద్దున ఐదు నుంచి రాత్రి పది, అంటే 17 గంటలు. నువ్వు "ఖాళీ" అని రాసిన ఆ ఆరున్నర గంటలు చట్టం దృష్టిలో నీ సొంత ఖాళీ కాదు. ఇది మీ ఓనరుకి తెలిసే ఉండొచ్చు. కన్సల్టెంట్ అని సంతకం పెడితే ఈ ప్రశ్నే రాదు కదా. నాకైతే 54,800 కన్నా దీనికే ఆ కాగితం పుట్టిందనిపిస్తోంది. నా అనుమానమే అనుకో.

కాబట్టి ఒక్కడివే వెళ్ళకు. ఆ నలుగురూ కలిసి వెళ్ళండి. గొడవ వద్దు, చట్టాల పేర్లు ఎత్తొద్దు. "సంతకం పెట్టే ముందు మా పాత ఉద్యోగానికి లెటర్ ఇవ్వండి" అని మాత్రం అడగండి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందేనని అందులో ఉంది, ఆ మాట వాళ్ళ సీఏ చెప్తాడు. ఏమీ కుదరకపోతే బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక భవనం ఉంది. అక్కడికి వెళ్ళాల్సి వస్తే నాకు మెసేజ్ పెట్టు, అర్జీ కన్నడలో రాయించి ఇస్తాను.

#19 ఓనర్_బాధలు_ఓనర్‌వి · గురువారం, రాత్రి 10:02

ఓనరుగా ఒక రహస్యం చెప్తాను. జనవరిలో నలుగురు సీనియర్ ట్రైనర్లని ఒకేసారి పోగొట్టుకోవడానికి ఏ జిమ్మూ సిద్ధంగా ఉండదు. కొత్తగా చేరినవాళ్ళు రీఫండ్ అడుగుతారు. వెళ్తే ఈ నెలలోనే వెళ్ళండి, మార్చిలో వెళితే మీ మాట ఎవరూ వినరు.

ఇది నేను చెప్పినట్టు మా ట్రైనర్లకి చెప్పొద్దు.

#20 మునెకొలాల_మావయ్య · శుక్రవారం, ఉదయం 6:05

సర్కస్ సంగతి నిజమే, ఒప్పుకున్నాను. హనుమా, మునెకొలాలలో మా మేడ మీద గది ఖాళీగా ఉంది. టైల్స్ మిషన్ లేదు. మధ్యాహ్నం పూట పడుకుని పో నాయనా, అద్దె వద్దు. నా మోకాలికి నాలుగు కసరత్తులు చెప్పు చాలు.

#21 హిందూపురం_హనుమ · మంగళవారం, మధ్యాహ్నం 2:15

ఆలస్యమైంది, క్షమించండి. శనివారం నలుగురం పోయినాం. మేనేజరు మొదట గట్టిగా మాట్లాడినాడు. "మీరు లేకపోతే వందమంది వస్తారు" అన్నాడు. మాలో ఒకాయన "రానీండి సార్, మాకు లెటర్లు ఇచ్చేయండి" అన్నాడు. మావాడు నోరు తెరిచి మాట్లాడింది నాలుగేండ్లలో అదే మొదలు. సోమవారం ఓనరే వచ్చినాడు. కన్సల్టెంట్ సంగతి ఏప్రిల్ దాకా పక్కన పెడతానన్నాడు. షిఫ్టు సంగతి తీస్తే, "ఇద్దరు పొద్దున, ఇద్దరు సాయంత్రం చూసుకోండి, కానీ పీటీ క్లయింటు ఎప్పుడొస్తే అప్పుడు మీరు రావాల" అన్నాడు. అంటే నాకేమీ మారలే, నా క్లయింట్లు ముగ్గురు పొద్దున, ముగ్గురు సాయంత్రం.

మావయ్యా, గది చూసినా. నిన్న మధ్యాహ్నం రెండు గంటలు పండుకున్నా. మీరు కుర్చీలోంచి లేచేటప్పుడు చేతులు ఆనిచ్చుకోవద్దండి, రోజుకు పదిసార్లు అట్ల లేస్తే చాలు ఇప్పటికి.

ఇందాకనే లెటర్ ఇచ్చినారు. స్టాంపు, సంతకం అన్నీ ఉండాయి. చేరిన తేదీ కాడ మాత్రం 2026 జనవరి అని రాసినారు. 2021 జూన్ అని మార్చి ఇవ్వండి అని వెనక్కి ఇచ్చినా.

#22 లెక్కల_పంతులు · మంగళవారం, మధ్యాహ్నం 2:19

వెనక్కి ఇచ్చేముందు ఫోటో తీశావా?

#23 హిందూపురం_హనుమ · మంగళవారం, మధ్యాహ్నం 2:20

తీసినా పంతులూ. అమ్మ ఫోనుకు కూడా పంపినా.